ఆమోదిత వంగపండు రంగు

డాక్టర్ మజ్జి చిదానందం జిల్లా ఆస్పత్రిలో ఇరవై ఎనిమిదేళ్లుగా కణాలు చూస్తున్నాడు. మనుషుల్ని చూసే డాక్టర్లు వేరే ఉన్నారు. వాళ్లు రోగి నోట్లోంచి గీకో, మెడ మీది గడ్డలోంచి సూదితో లాగో, చిటికెడు కణాలు గాజు పలక మీద రాసి పంపిస్తారు. వాటికి రంగు వేయించి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఇది క్యాన్సరా కాదా అని చెప్పడం ఆయన పని.

రంగు వేసేవాడు లోలుగు ముత్యాలరావు, సీనియర్ టెక్నీషియన్. నీలం మందులో పది మునకలు, కుళాయి నీళ్లలో కడుగు, నారింజ మందులో ఆరు మునకలు. గడియారం చూడడు, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటాడు. రంగు ఎక్కాక కణం మధ్యనుండే కేంద్రకం చీరల కొట్లో వంగపండు అంటారే, ఆ రంగులో కనిపిస్తుంది. మామూలు కణానిది చిన్నగా, గుండ్రంగా, లేతగా ఉంటుంది. క్యాన్సర్ కణానిది పెద్దగా, వంకరటింకరగా, ముదురుగా ఉంటుంది. స్థూలంగా చిదానందానికి తెలిసిన విద్య ఇంతే. ఈ విద్య మీదే ఆయన జిల్లాలో కొన్ని వేలమంది బతుకు ఎటు తిరగాలో చెప్పాడు.

ఆస్పత్రికి కణదృష్టి వచ్చినప్పుడు ఆయన సంతోషించాడు. అదొక మెషీను. స్లైడును ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీస్తుంది. ఆ ఫొటోల్లో ఒక్కొక్క కేంద్రకం ఎంత పెద్దది, ఎంత వంకర, ఎంత ముదురు అని కంప్యూటరు కొలిచి, అనుమానం ఉన్న కణాల చుట్టూ ఎర్రటి గీత గీస్తుంది. మొదటి రెండు నెలల్లో నూట పన్నెండు స్లైడ్లు పెడితే మూడింట్లో మాత్రమే దానికీ ఆయనకీ తేడా వచ్చింది. ఆ మూడింట్లో ఒకదాంట్లో మెషీనుదే ఒప్పు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. క్యాంటీన్లో చెప్పాడు, ఇంట్లో చెప్పాడు, సూపరింటెండెంటు డాక్టర్ భానోజీరావుకి కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు.

చిక్కు వీడియో కాన్ఫరెన్సులో వచ్చింది. అన్ని జిల్లాల కణదృష్టి ఫొటోలనూ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి రాజధానిలో ఒక పెద్ద అధికారికి చూపించారు. ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"ఇవన్నీ ఒకే జబ్బు ఫొటోలేనా?"

"అవును సార్."

"మరి ఒక్కో జిల్లాలో ఒక్కో రంగులో ఎందుకున్నాయి?"

ముత్యాలరావుని అడిగి ఉంటే చెప్పేవాడు. ఒక ఊళ్లో బోరు నీళ్లు, ఒక ఊళ్లో ట్యాంకు నీళ్లు. ఉప్పునీటికి నీలం ఒకలా తేలుతుంది, మంచినీటికి ఇంకోలా తేలుతుంది. కానీ ముత్యాలరావు ఆ సమావేశంలో లేడు. ఉన్నవాళ్లందరూ ఇది ప్రభుత్వ ప్రతిష్ఠకు సంబంధించిన విషయంగా గుర్తించి తలలు దించుకున్నారు.

వారం తిరక్కుండా 'కణ వర్ణ ఏకరూపతా సంఘం' ఏర్పడింది. దానికి అధ్యక్షుడు డిజిటల్ రోగనిర్ధారణ విభాగం సంయుక్త సంచాలకులు శ్రీ పరంజ్యోతి. ఆయన ఈ విభాగానికి కొత్త. అంతకుముందు పంతొమ్మిదేళ్లు చేనేత శాఖలో ఉన్నాడు. రంగుల గురించి శాఖలో ఆయనకున్న అనుభవం మరెవరికీ లేదన్నది నిజమే.

సంఘం మొదటి సమావేశానికి చిదానందాన్ని కూడా పిలిచారు. రాజధానిలో చల్లటి గది, పొడవాటి బల్ల. పరంజ్యోతి తన పాత శాఖ నుంచి తెప్పించిన రంగుల పుస్తకం బల్ల మీద పరిచాడు. గుడ్డముక్కలు వరసగా అంటించి, ఒక్కోదాని కింద అంకె వేసి ఉంది.

"ఇది నలభై ఆరు, ఇది నలభై ఏడు," అన్నాడాయన, గుడ్డను బొటనవేలితో రాస్తూ. "నలభై ఆరులో కొంచెం ఎరుపు ఛాయ ఉంది. అది అపోహలకు దారి తీయవచ్చు. నలభై ఏడు గంభీరమైన వంగపండు. ప్రభుత్వ కార్యక్రమానికి తగిన రంగు. రాష్ట్రంలో ఏ మూల ఏ కణానికి రంగు వేసినా దాని కేంద్రకం నలభై ఏడులో ఉండాలి. అంతకన్నా లేతగా ఉండరాదు, ముదురుగా ఉండరాదు. సభ్యుల అభిప్రాయం?"

సభ్యుల అభిప్రాయం కూడా అదే. చిదానందం చెయ్యెత్తాడు. ఆయన సమావేశాల్లో చెయ్యెత్తే మనిషి కాదు. ఎత్తిన చెయ్యి తనదేనా అన్నట్టు ఒకసారి దానివైపు చూసుకున్నాడు.

"సార్, రంగు ఒకేలా ఉండాలనడం సబబే. మెషీనుకీ మంచిదే. కానీ క్యాన్సర్ కణం మిగతా వాటికంటే రంగు ఎక్కువ పట్టుకుంటుంది. మనం దాన్ని పోల్చేదే అలాగ. నలభై ఏడు కన్నా ముదురుగా ఉన్నవాటిని తీసేస్తే..."

"తీసేయడం కాదు డాక్టర్ గారూ, తిరస్కరించడం. తిరస్కరించిన ప్రతి నమూనాకూ మరో అవకాశం ఇస్తాం. ప్రభుత్వం ఎవరికీ తలుపులు మూయదు."

"మళ్లీ తెచ్చినా ముదురుగానే వస్తుంది సార్."

"చిత్తశుద్ధి లోపిస్తే వస్తుంది," అన్నాడు పరంజ్యోతి, ఎంతో సౌమ్యంగా. "మీ ఆవేదన నమోదు చేసుకున్నాం."

సాయంత్రం సంతకాలకు వచ్చిన కాగితంలో ఇలా ఉంది: 'డాక్టర్ చిదానందం గారు ఈ నిర్ణయం పట్ల హర్షం వ్యక్తం చేస్తూ, ముదురు రంగు సమస్య తీవ్రతను సభ దృష్టికి తెచ్చారు.' ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. రైలుకి వేళవుతోంది. అందరూ సంతకాలు పెట్టి లేచారు. ఆయనా పెట్టాడు. ఆ సంతకం గురించి తర్వాత చాలా రోజులు ఆలోచించాడు.

నెల తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. కణదృష్టి లోపల కూడా మార్పులు చేశారు. ఇప్పుడది ముందు రంగు చూస్తుంది. కేంద్రకాలు నలభై ఏడులో ఉంటేనే మిగతావి కొలుస్తుంది. లేకపోతే ఒక పత్రం అచ్చుకొడుతుంది: 'ఈ నమూనా ప్రమాణాలకు అనుగుణంగా లేనందున తిరస్కరించడమైనది. తిరిగి సమర్పించగలరు.' కింద పదమూడు అంకెల సంఖ్య. కణదృష్టి సంఖ్య లేని రిపోర్టు ఇకమీదట చెల్లదు. ఆ సంఖ్య లేనిదే నగరంలోని క్యాన్సర్ ఆస్పత్రిలో ప్రభుత్వ పథకం కింద చేర్చుకోరు. మైక్రోస్కోపులు 'పాత పద్ధతి పరికరాలు' కాబట్టి వాటిని వాడుక నుంచి తప్పించాలి. రాజధానిలోని ప్రధాన కార్యాలయం ఆదర్శంగా నిలవడం కోసం తమ దగ్గరున్న మూడింటినీ వేలం వేసేసింది. భానోజీరావు అంత దూరం వెళ్లలేదు. "ఎక్కడైనా కనబడకుండా పెట్టుకోండి," అన్నాడు. చిదానందం తన మైక్రోస్కోపుని స్టోరు రూములో కిటికీ పక్కన, విరిగిన సెలైన్ స్టాండ్ల మధ్య పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే కిల్లి అసిరమ్మ వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, జీడిపిక్కలు కొట్టే కార్ఖానాలో పని. నలభై ఏళ్లుగా అడ్డచుట్ట అలవాటు, అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని పీల్చడం. అంగిలి మీద తెల్లటి మచ్చ లేచి, మధ్యలో పుండు పడింది. పళ్ల డాక్టరు అక్కడ గీకి స్లైడు పంపించాడు. చిదానందం స్టోరు రూములో కూర్చుని చూశాడు. అర నిమిషం పట్టలేదు. పెద్ద పెద్ద కేంద్రకాలు, తుమ్మ మొద్దుల్లా వంకరగా, సిరాలో ముంచినంత ముదురుగా ఉన్నాయి. చదువుకునే పిల్లలకు చూపించదగ్గ స్లైడు.

కణదృష్టి దాన్ని తిరస్కరించింది.

రెండోసారి గీకారు. తిరస్కరించింది. మూడోసారి పిలిస్తే ఆమె రెండు బస్సులు మారి వచ్చి ల్యాబు ముందు బల్ల మీద కూర్చుంది.

"ఏటి బావూ, మళ్లీ గీకుతారా?"

"ఒక్కసారి అమ్మా. మెషీను ఒప్పుకోలేదు."

"ఏటంతాది?"

"రంగు నల్లగా ఉందంటుంది," అన్నాడు చిదానందం.

అసిరమ్మ కాసేపు తన చేతుల కేసి చూసుకుంది. జీడి పాలు అంటి వేళ్ల మీద ఎక్కడికక్కడ కాలిన మచ్చలు. "మా ఇంట అందరం నలుపే బావూ," అంది. "మాయమ్మ ఇంకా నలుపు. ఇప్పుడు తెల్లటి కనాలు నానెక్కడినుంచి తెత్తాను?"

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు.

ముత్యాలరావుకి ప్రధాన కార్యాలయం నుంచి మెమో వచ్చింది. ముదురు రంగు వేసి ప్రజలకు అసౌకర్యం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. అతను జడుసుకుని పది మునకలను ఆరుకి తగ్గించాడు. దాంతో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కణాలన్నీ లేతగా వచ్చి తిరస్కారానికి గురయ్యాయి. అసిరమ్మవి మాత్రం ఇంకా ముదురుగానే ఉన్నాయి. మళ్లీ పదికి పెంచి, సంజాయిషీలో ఉన్నమాట రాశాడు: అయ్యా, మా తప్పు లేదు, కొంత నీటి వల్ల, మిగతాది జబ్బు వల్ల.

ప్రధాన కార్యాలయం జబ్బు సంగతి వదిలేసి నీటిని పట్టుకుంది. పదిరోజుల్లో రాజధాని నుంచి లారీలో 'ప్రామాణిక జలం' డబ్బాలు దిగాయి. ఎండాకాలం కావడంతో సగం డబ్బాలు సూపరింటెండెంటు గది బయట ఖాళీ అయ్యాయి. మిగిలిన సగంతో ముత్యాలరావు రంగు వేస్తే మామూలు కణాలు కచ్చితంగా నలభై ఏడులో వచ్చాయి. గుడ్డముక్క పక్కన పెట్టి చూసుకుని అతను కూడా మెచ్చుకున్నాడు.

"సార్, ఇప్పుడు మంచివన్నీ పాసవుతున్నాయి," అన్నాడు.

"మిగతావి?"

"అవి నీటికి లొంగవు సార్."

ఒకరోజు మైలపిల్లి దానయ్య భార్య వచ్చింది. దానయ్య సముద్రం మీద వేటకు వెళ్లేవాడు, మెడ మీద గడ్డ. మూడుసార్లు సూది పెట్టారు, మూడుసార్లూ తిరస్కారమే. ప్రతిసారీ తిరస్కరణ పత్రం చేత్తో పట్టుకుని, 'మళ్లీ రమ్మన్నారంటే పెద్ద జబ్బు కాదన్నమాటే కదండీ' అని నవ్వుతూ వెళ్లేవాడు. చిదానందం మొదటిసారే చెప్పాడు, జబ్బు ఉన్నట్టే ఉంది, నగరం వెళ్లమని. వెళ్లాడు కూడా. చిదానందం రాసిచ్చిన చీటీ మీద సంఖ్య లేదని అక్కడి గుమాస్తా తిప్పి పంపేశాడు.

ఆమె ఏడవడం లేదు. సెల్‌ఫోను ముందుకు చాపింది.

"ఆయన పోయి పదకొండో రోజు బాబూ. ఫోనుకి రోజూ మెసేజీ వత్తంది. సదివించుకున్నాను. నాలుగోపాలి రమ్మంతన్నారంట. ఆపించండి."

చిదానందం ఫోను తీసుకుని చదివాడు. 'ప్రియమైన దానయ్య గారూ, మీ నమూనా కోసం ఎదురుచూస్తున్నాం.' ఆపించడానికి ఆయన సహాయ కేంద్రానికి ఫోను చేశాడు. రోగి స్వయంగా వచ్చి నమూనా ఇస్తేనే సందేశాలు ఆగుతాయని అక్కడి అమ్మాయి మర్యాదగా చెప్పింది.

ఆమెను బస్సెక్కించి వచ్చి స్టోరు రూములోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మూడుసార్లు తిరస్కారం పొందినవాళ్ల స్లైడ్లన్నీ తెమ్మన్నాడు. పదిహేడు మందివి ఉన్నాయి. కిటికీ వెలుతురులో ఒక్కొక్కటీ చూశాడు. మూడింట్లో ముత్యాలరావు చెయ్యి నిజంగానే జారింది, రంగు ఎక్కువైంది. పద్నాలుగు క్యాన్సర్లు.

అదే వారం రాజధాని నుంచి అభినందన వచ్చింది. 'మీ జిల్లాలో ఆమోదం పొందిన పద్దెనిమిది వందల నలభై ఆరు నమూనాల్లో క్యాన్సర్ కేసులు సున్నా.' భానోజీరావు ఆ కాగితానికి ఫ్రేము కట్టించాడు. చిదానందం దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. లెక్కలో తప్పేమీ లేదు. జల్లెడ పట్టి రాళ్లన్నీ ఏరేశాక, బియ్యంలో రాళ్లు లేవని రాశారు.

తిరిగొచ్చి తిరస్కరణ పత్రం ఒకటి తీసుకుని, మొదటిసారి దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. రోగి పేరు, తేదీ, పదమూడు అంకెల కణదృష్టి సంఖ్య. కింద ఒక ఖాళీ గడి: 'తిరస్కరణకు కారణములు, సవివరంగా.' ఇన్నాళ్లూ ముత్యాలరావు అందులో 'ముదురు' అని ఒక్క మాట రాసి వదిలేస్తున్నాడు.

చిదానందం కలం తీశాడు. అసిరమ్మ పత్రం మీద ఆ గడిలో ఇలా రాశాడు: 'అంగిలి నుంచి గీకిన ఈ నమూనాలో కేంద్రకాలు మామూలు కన్నా మూడు నాలుగు రెట్లు పెద్దవిగా, ఆకారం చెడి, మిక్కిలి ముదురుగా, గుంపులు గుంపులుగా ఉన్నందున, అనగా లక్షణాలన్నీ క్యాన్సర్‌వే అయినందున, ప్రమాణాలకు అనుగుణంగా లేదు.' సంతకం చేసి, ముద్ర వేశాడు. సర్వీసు ఇంకా రెండేళ్లుంది.

నగరంలో సర్జన్ డాక్టర్ ఫర్హానా ఆయనకు కాలేజీలో జూనియరు. ఫోను చేసి సంగతి చెప్పాడు. ఆమె రెండు నిమిషాలు విని, "సంఖ్య ఉందా సార్?" అని మాత్రం అడిగింది.

"ఉందమ్మా. తిరస్కరణ సంఖ్య."

"మా గుమాస్తాకి పదమూడు అంకెలుంటే చాలు. అది దేని సంఖ్యో కంప్యూటరు అడగదు. పంపించండి."

అసిరమ్మకు పత్రం చేతికిస్తూ ఆయన ఈసారి దాచలేదు. "అమ్మా, ఇది క్యాన్సర్. చిన్నది. తీయించుకుంటే బతుకుతావు. ఈ కాగితం పోగొట్టుకోకు."

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "మరి మిసను ఒప్పుకున్నాదా బావూ?"

"ఒప్పుకోలేదు. అందుకే పనికొస్తుంది."

ఆమెకు అర్థం కాలేదు. కానీ ఆ మాట అన్నప్పుడు డాక్టరు తన కళ్లలోకి చూశాడని గమనించింది. ఆ సాయంత్రం బస్సుకే వెళ్లింది.

తర్వాత మిగిలిన పన్నెండు మందినీ ఒక్కొక్కరినీ పిలిపించి పత్రాలు రాసిచ్చాడు. కొత్తగా వచ్చినవాళ్లకు మూడుసార్లు తిప్పడం మానేసి మొదటి తిరస్కారంతోనే పంపించాడు. జిల్లాలో జనానికి సంగతి తెలియడానికి ఎన్నాళ్లో పట్టలేదు. ల్యాబు ముందు బల్ల మీద కూర్చున్నవాళ్లు పాసైతే దండం పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. తిరస్కారమైతే ఇంటికి ఫోను చేసి రెండు చీరలు సర్దమని చెప్పేవాళ్లు. పక్క జిల్లాల డాక్టర్లు ఇద్దరు ఫోను చేసి, ఆ గడిలో ఏం రాయాలో నెమ్మదిగా కనుక్కున్నారు.

నాలుగు నెలలకు పరంజ్యోతి స్వయంగా వచ్చాడు. 'శూన్య క్యాన్సర్ జిల్లా' అభినందన సభ. ఆస్పత్రి ఆవరణలో షామియానా వేశారు, గుడ్డ నలభై ఏడో నంబరు వంగపండు రంగుది. లబ్ధిదారుల్లో ఒకరి చేత మాట్లాడించాలని పై నుంచి ఆదేశం. భానోజీరావు కంప్యూటరులో వెతికించాడు. కణదృష్టి సేవలను అత్యధికంగా, అయిదుసార్లు వినియోగించుకున్నది కిల్లి అసిరమ్మ. కారు పంపించి తీసుకొచ్చారు. చిదానందానికి ఈ సంగతి ఆమె వేదిక మెట్లెక్కుతుంటే తెలిసింది. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

పరంజ్యోతి ఆమెకు శాలువా కప్పాడు. "చెప్పు తల్లీ. కణదృష్టి వల్ల నువ్వు పొందిన మేలు నలుగురికీ చెప్పు."

అసిరమ్మ మైకు దగ్గరకు వచ్చింది. మాట కొంచెం మందంగా ఉన్నా స్పష్టంగానే ఉంది.

"అయిదు పాల్లు గీకినారు. మిసను ఒద్దన్నాది. ఒద్దన్న కాగితం మీద ఆ డాకటరు బావు కేన్సరని రాసిచ్చినాడు. పట్టుకుని ఎల్లినాను. పైదవడ కోసీసి, ఈ పలక ఎట్టినారు. పలకుంటే మాటొస్తాది. లేదంటే గాలే."

నమ్మరేమోనని అనుకుందో ఏమో, నోట్లో వేళ్లు పెట్టి అంగిలి ప్లేటు తీసి, పైకెత్తి సభకు చూపించింది. ఆ తర్వాత ఆమె ఇంకేదో అన్నది. ఎవరికీ తెలియలేదు. ప్లేటు మళ్లీ పెట్టుకుని, "సుట్ట మానీసినాను," అని చెప్పి వెళ్లి కూర్చుంది.

పరంజ్యోతి మైకు అందుకున్నాడు. ఆయన తొణకలేదు. పంతొమ్మిదేళ్లు చేనేత సహకార సంఘాల సభల్లో మాట్లాడిన మనిషి.

"ఈ సోదరి మాటల్లో ఒక మహత్తర సత్యం ఉంది. ఈమెకు క్యాన్సర్ ఎక్కడ నిర్ధారణ అయింది? నగరంలో. ఎక్కడ తొలగించబడింది? నగరంలో. అంటే ఆ క్యాన్సర్ మన జిల్లాకు చెందినది కాదు. మన జిల్లా సున్నా చెక్కుచెదరలేదు. పెరుగుతున్న కేసుల గురించి నగరం ఆత్మపరిశీలన చేసుకోవాలి."

ముందుగా భానోజీరావు చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు.

మూడో రోజున చిదానందానికి మెమో వచ్చింది. 'తిరస్కరణకు కారణములు రాయవలసిన గడిలో తాము అనధికారికంగా రోగనిర్ధారణ చేసినట్లు దృష్టికి వచ్చినది. తమపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో వారం లోపల తెలుపగలరు.'

ఆయన చదివి, అద్దాలు తుడుచుకుని, ముత్యాలరావుని పిలిచాడు. అప్పటికి తిరస్కారంలో తేలిన క్యాన్సర్లు ముప్పై ఒకటి. ఇరవై నలుగురు నగరం వెళ్లారు. ఆరుగురి పత్రాలు, మెమో తేలేదాకా ఇవ్వరాదని భానోజీరావు తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఒకరు దానయ్య. ముప్పై ఒక్క స్లైడ్లనూ దూదిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, జతగా ఒక ఉత్తరం రాశాడు. రాజధానిలో సంతకం పెట్టిన రోజున రాయాల్సిన ఉత్తరమది. 'నేను రాసినది తప్పైతే శిక్షించండి. ఒప్పో తప్పో తేల్చుకోవడానికి ఈ స్లైడ్లను మీకు నచ్చిన డాక్టరు చేత, మీకు నచ్చిన మైక్రోస్కోపులో చూపించండి.'

ప్రధాన కార్యాలయంలో చూపించుకుందామంటే మైక్రోస్కోపు లేదు. ఉన్న మూడూ వేలంలో పోయాయి. అందుకని ముప్పై ఒక్క స్లైడ్లనూ అక్కడి కణదృష్టిలో పెట్టారు. పదో రోజున జవాబు వచ్చింది.

'తాము సాక్ష్యంగా పంపిన ముప్పై ఒక్క నమూనాలూ కేంద్రకాలు మిక్కిలి ముదురుగా ఉన్నందున తిరస్కరించడమైనది. ఆమోదిత రంగులో తిరిగి సమర్పించగలరు.' కింద ముప్పై ఒక్క పేర్లు, ఒక్కొక్క పేరుకీ ఎదురుగా పదమూడు అంకెల సంఖ్య, చివర సంయుక్త సంచాలకుల సంతకం, గుండ్రటి ముద్ర.

ముత్యాలరావు ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూశాడు. "సార్, ఇది మనకి శిచ్చా, మెప్పా?"

"రెండూ కాదు ముత్యాలూ. ముప్పై ఒక్క రిపోర్టులు. సంతకంతో సహా. ఆరు కాపీలు తీయించుకురా."

ఆ ఆరుగురూ మర్నాడు పొద్దున్న బస్సుకి నగరం వెళ్లారు. రాజధాని ముద్ర చూసి అక్కడి గుమాస్తా లేచి నిలబడి మరీ చేర్చుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆరుగురికీ ఆపరేషన్లయి ఇళ్లకు వచ్చేదాకా చిదానందం రాజధానికి జవాబు రాయలేదు. రెండుసార్లు గుర్తుచేస్తూ ఉత్తరాలొచ్చాయి. తర్వాత నిదానంగా, వాళ్ల భాషలోనే రాశాడు: 'ఉల్లేఖించిన ముప్పై ఒక్కమందిలో ముప్పైమందికి వారి శరీరమందలి ముదురు రంగు భాగమును నగరమున తొలగింపజేయడమైనది. ఇకమీదట వారి నుంచి ఆమోదిత రంగు నమూనాలే వచ్చునని ఆశించడమైనది. మిగిలిన ఒకరు, శ్రీ మైలపిల్లి దానయ్య, మీ తిరస్కరణను గౌరవించి వేచియుండి మరణించినందున, తిరిగి సమర్పించజాలరు. వారి ఫోనుకు సందేశములు నిలుపుదల చేయ ప్రార్థన.'

చివరి రెండు వాక్యాలకు జవాబు రాలేదు. మిగతా దానికి వచ్చింది. 'తమ సమాధానం సంతృప్తికరంగా ఉన్నందున చర్యలు ఉపసంహరించడమైనది. ముదురు రంగు సమస్యను మూలం నుంచి తొలగించిన తమ విధానాన్ని అన్ని జిల్లాలూ తక్షణమే అనుసరించవలసినదిగా ఆదేశించడమైనది.'

ఆదేశం కాబట్టి అనుసరించారు. రాష్ట్రమంతటా తిరస్కరణ పత్రాలు పట్టుకున్న మనుషులు నగరాల బస్సులెక్కారు. ఒకరోజు పొద్దున్నే ఫర్హానా ఫోను చేసింది. ఆమె గొంతులో అలసట తెలుస్తోంది.

"సార్, వరండాలో కూడా పడుకోబెడుతున్నాం. నలభై మంచాలు కావాలని పైకి రాస్తున్నాను. మీరూ ఒక మాట రాస్తే బాగుంటుంది."

"రాస్తానమ్మా. నువ్వు కూడా రాయి," అన్నాడు చిదానందం. ఫోను పెట్టేయబోతూ, "ఏ రంగు మంచాలో మాత్రం రాయకు," అన్నాడు.